నూటికి ఒక్క వంతు

మే 3, గురువారం

మా ఆవిడ మార్లీజ్ పొద్దున్న రైలుకి వాళ్ల అక్క దగ్గరికి, షో-ద-ఫో వెళ్లింది. యుగెట్ వదినకి మోకాలి ఆపరేషన్. ఒంటరి మనిషి, చూసుకునేవాళ్లు లేరు. రెండు వారాలు పడుతుంది. స్టేషన్‌లో దిగబెడతానంటే "నీకు మీటింగుంది కదా" అంది. ఉంది, నిజమే. నా మీటింగులు నాకంటే తనకే బాగా గుర్తుంటాయి.

ఆ మీటింగులోనే నాకొక పని అంటగట్టారు. ల్యాబ్‌లో కొత్త ప్రదర్శనశాల కడుతున్నారు, జూలైలో తెరుస్తారు. గుమ్మంలోకి రాగానే గోడ మీద ఒక పలక ఉండాలట. మౌలిక కణాలకి ద్రవ్యరాశి ఎలా వస్తుందో దాని మీద నేను రాయాలి. లెక్కలు ఉండకూడదు. ఇంట్లో కనిపించేవాటితో పోల్చి చెప్పాలి. నిలబడి చదివేవాడికి కాళ్లు పీకకూడదు. ఈ వేసవిలో, కణాల్ని ఢీకొట్టించే మా యంత్రం నుంచి పెద్ద కబురు వస్తుందని అందరూ గుసగుసలాడుతున్నారు, అందుకే ఈ తొందర.

"వచ్చినవాళ్లందరికీ ఇన్నేళ్లుగా చెప్తూనే ఉన్నావు కదరా, నీకిదెంత? ఎడమచేత్తో రాసి పారెయ్" అన్నాడు టిట్సియానో. నా పక్క గదివాడు, ఇటలీవాడు, నాతోపాటే ఇక్కడ చేరాడు.

నాకూ అలాగే అనిపించింది. ఇంట్లో ఎవరూ లేరు, నిశ్శబ్దంగా ఉంటుంది. మార్లీజ్ తిరిగొచ్చేసరికి పలకా అయిపోతుంది. అంతా కలిసొచ్చినట్టే ఉంది.

మే 5, శనివారం

విషయం నిజానికి మూడు ముక్కల్లో చెప్పొచ్చు. విశ్వమంతా ఒక క్షేత్రం నిండి ఉంది, ఖాళీ అనుకున్న చోట కూడా ఉంది. కొన్ని కణాలు దానితో గట్టిగా ముడిపడతాయి, కొన్ని కాస్త ముడిపడతాయి, వెలుగు కణం అసలు ముడిపడదు. ఎంత ముడిపడితే అంత ద్రవ్యరాశి. చెప్పడం ఇంత సులువు. వినేవాడి మొహంలో వెలుగు రావడమే కష్టం.

ఇవాళ తట్టింది: ఫాండ్యూ! గిన్నెలో కరిగిన చీజ్ క్షేత్రం. బ్రెడ్ ముక్క గుచ్చి తిప్పితే చీజ్ పట్టుకుంటుంది, చెయ్యి బరువెక్కుతుంది. అది ద్రవ్యరాశి ఉన్న కణం. ఉత్త ఫోర్కు తిప్పితే ఏమీ ఉండదు, అది వెలుగు కణం. మా దేశంలో పుట్టినవాడెవడికీ ఇది అర్థం కాకపోవడమంటూ ఉండదు.

రాసే ముందు ప్రయోగం చేసి చూడాలి కదా, చేశాను. చలికాలపు తిండి ఫాండ్యూ మే నెలలో, అదీ ఒక్కడినే కూర్చుని. ఇక్కడ ఈ పనికి పోలీసులు పట్టుకోరు గానీ పొరుగువాళ్లు పట్టుకుంటారు. కిటికీలు మూసినా వాసన ఆగలేదు. మెట్ల దగ్గర మదాం షపుయి ఎదురై "చుట్టాలొచ్చినట్టున్నారే" అంది. అవునన్నాను.

గిన్నెలో బ్రెడ్ జారవిడిచినవాళ్లు శిక్షగా పాట పాడాలని మా ఇంట్లో నియమం. రెండుసార్లు జారింది. పాడలేదు. వినేవాళ్లు లేరని కాదు, గొంతు బాగాలేదు.

మే 9, బుధవారం

మా దగ్గర ఒక్క వాక్యం బయటికి వెళ్లాలన్నా ముందు అందరూ చూడాలి. ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఎంత పిచ్చిదైనా ప్రతిదానికీ మర్యాదగా జవాబివ్వాలి. ఎవరూ ఏమీ అనని రోజు వచ్చేదాకా ఇది సాగుతుంది. కొత్త కణాన్ని కనిపెట్టినా ఇంతే, గోడ మీద పలకైనా ఇంతే.

సమీక్షకి పెద్ద రైన్‌హిల్డ్. జర్మనీ మనిషి, అబద్ధం ఆడదు, ఆడనివ్వదు. అందరి ముందూ అంది: "జెరాల్డ్ గారూ, చీజ్‌లో కదిలే బ్రెడ్డు కాసేపటికి ఆగిపోతుంది. మీ క్షేత్రంలో భూమి కూడా అలాగే ఆగిపోతుందా? సూర్యుడి చుట్టూ తిరిగీ తిరిగీ జనవరికల్లా అలిసిపోతుందని పలక మీద రాసేద్దామా?"

నవ్వారు. ఆవిడ నవ్వలేదు. చెప్పింది మాత్రం నిజం. ద్రవ్యరాశి ఉన్న వస్తువు నిదానంగా పోతుందని కాదు. కదలని దాన్ని కదపడం కష్టం, కదిలేదాన్ని ఆపడం కష్టం, దారి మళ్లించడం కష్టం. ఒకే తీరుగా పోతున్నంతసేపూ దానికి ఏ అడ్డూ ఉండదు. ఇది మొదటి ఏడాది పిల్లలకి నేనే చెప్తాను.

మిగతా అభ్యంతరాలు: చీజ్‌కి పేరుపడ్డ ఫ్రీబుర్ నుంచి వచ్చే ఒకాయన చీజ్ ఏ ఊరిదో రాయకపోతే సంతకం పెట్టనన్నాడు. ఒకావిడ ఆ చీజ్‌లో వైన్ ఎంత పోశారని అడిగింది. జవాబులిచ్చాను.

మే 10, గురువారం

ఫోన్ చేశాను. వదిన బాగానే ఉందట. వెనకాల ఎవరో నవ్వుతున్నారు.

మే 14, సోమవారం

ఈసారి విందు. హాలు నిండా జనం, సమంగా పరుచుకుని నిలబడి ఉన్నారు. వాళ్లే క్షేత్రం. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి ఒకరు తలుపు తీసుకుని వస్తారు. అడుగు వెయ్యగానే జనం చుట్టూ చేరతారు. ఆ గుంపుతో సహా కదలాలి, ఆగాలంటే ఆ గుంపుతో సహా ఆగాలి. అదే ద్రవ్యరాశి. ఎవరికీ తెలియనివాడు వస్తే నేరుగా అవతలి గోడకి చేరిపోతాడు.

ఇది నేను కల్పించలేదు. కిందటేడు టిట్సియానో పుట్టినరోజున చూశాను. మార్లీజ్ మెరాన్‌లో మందుల షాపులో పనిచేస్తుంది. ల్యాబ్‌లో సగం మంది దగ్గులూ నడుంనొప్పులూ తనకి తెలుసు. తలుపు దగ్గర నుంచి కేకు దగ్గరికి రావడానికి తనకి అరగంట పట్టింది. "మార్లీజ్, ఆ చుక్కల మందు పనిచేసింది." "మార్లీజ్, మా అబ్బాయికి దద్దుర్లు." ఒక్కొక్కరి మోచేయి పట్టుకుని వింటూ, నవ్వుతూ వచ్చింది.

నేను అదే హాలు దాటి కాఫీ దగ్గరికి వెళ్లాను. ఎవరూ ఆపలేదు. వెలుగు కణం నేనేనన్నమాట. తమాషాగా ఉంది. పలక మీద ఆ ముక్క రాయలేదు.

మే 17, గురువారం

ఆరోహణ పండగ సెలవు. రెండు వారాలయ్యాయి. మోకాలు కదా, డాక్టర్లు చెప్పిన రోజుకి ఎప్పుడు మానింది గనక.

బీరువాలో తన వైపు తలుపు తీసి చూద్దామా అనుకున్నాను. మానేశాను. మా పనిలో ఒక నియమం ఉంది. ఏ లెక్కతో చూడాలో ముందు తేల్చుకునేదాకా అసలు చోట ఏముందో చూడకూడదు, కప్పెట్టి ఉంచాలి. ముందే చూస్తే మనసుకి నచ్చినట్టు లెక్క వంచుకుంటాం. మనల్ని మనం మోసం చేసుకోకుండా ఉండటానికి పెట్టుకున్న నియమం అది. దాన్ని ఇంట్లో కూడా పాటిస్తున్నందుకు నన్ను నేను మెచ్చుకోవచ్చు.

మే 21, సోమవారం

విందు మీద సమీక్ష. రైన్‌హిల్డ్: "క్షేత్రం ఎక్కడినుంచో నడిచివచ్చి చుట్టూ చేరదు. అంతటా ముందే ఉంటుంది. ఇంకో మాట, పలక మీద మదాం మార్లీజ్ అని పేరు పడింది. తీసెయ్యండి." ఎలా పడిందో నాకు తెలియదు. తీసేశాను.

ఇంకొకాయన రాశాడు: "ఆవిడ ఆ గది దాటి చివరికి ఎక్కడికి వెళ్తోంది?" ఈ ప్రశ్నకి భౌతికశాస్త్రంతో సంబంధం లేదని జవాబిచ్చాను.

మే 26, శనివారం

లెక్క ముందే తేల్చుకున్నాను. వేసవి బట్టలు మాత్రమే లేకపోతే: మోకాలు. చలికాలం బట్టలు కూడా లేకపోతే: మోకాలు కాదు. ఇక వంచడానికి లేదు. అప్పుడు తలుపు తీశాను.

నీలం చలికోటు లేదు. మంచు బూట్లు లేవు.

షో-ద-ఫో వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ మే నెలలో కూడా మంచు పడొచ్చు. ఇది ముందే లెక్కలోకి తీసుకోవాల్సింది, నాదే పొరపాటు. ఫలితం తేలలేదు.

టిట్సియానోకి మాటవరసకి చెప్పాను, వేరే ఎవరి సంగతో అన్నట్టు. "బూట్లు కూడానా? ఒరేయ్, అది వెళ్లిపోవడంరా" అన్నాడు. ఇటలీవాళ్లు దేన్నైనా పెద్దది చేస్తారు.

జూన్ 2, శనివారం

మంచు మైదానం. స్కీల మీద పోయేవాడికి మంచు పెద్దగా అంటదు, వెడల్పు చెప్పులవాడికి కాస్త, ఉత్త బూట్లవాడికి మోకాలి దాకా. పైన ఎగిరే పక్షికి మంచున్నట్టే తెలియదు. మళ్లీ రాపిడే వచ్చింది, రైన్‌హిల్డ్ ఒప్పుకోదని తెలుసు. అయినా ఫోన్‌లో మార్లీజ్‌కి చదివి వినిపించాను. పెళ్లయినప్పటి నుంచీ నేనేది రాసినా ముందు వినేది తనే.

"బాగుంది" అంది.

"అర్థమైందా?"

"బాగుంది, జెరాల్డ్."

తనకి అర్థమైతే ఊళ్లో ఎవరికైనా అవుతుంది. మనసు తేలికపడింది. ఎప్పుడొస్తావని అడగడం మర్చిపోయాను.

జూన్ 9, శనివారం

చెప్పకుండా వెళ్లాను. వదినకి చాక్లెట్లు తీసుకున్నాను, నడవలేని మనిషి కదా.

షో-ద-ఫో వీధులన్నీ గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి గానీ ఎక్కాలంటే ప్రాణం పోతుంది. సగం ఎక్కి ఆయాసపడుతుంటే పక్కనుంచి సైకిల్ మీద ఒకావిడ తొక్కుకుంటూ వచ్చి ఆగింది. వెనకాల బుట్టలో బంగాళాదుంపల సంచి. యుగెట్ వదిన.

"ఏం మరిదిగారూ, దారి తప్పారా?"

"మోకాలు..." అన్నాను.

"ఎవరికి? మీకా? అయ్యో, కూర్చోండి."

ఈ మధ్య వైద్యం చాలా ముందుకెళ్లింది. ఇది నేను అక్కడ నిలబడి నిజంగానే అనుకున్న మాట. రాసి ఉంచుతున్నాను, సిగ్గేసినా సరే.

మార్లీజ్ అక్కడే ఒక మందుల షాపులో చేరిందట, వెళ్లిన వారానికే. మధ్యాహ్నం బయటికొస్తే ఇద్దరం ఎదురుగా కాఫీ తాగాం. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది.

"ఆపరేషన్ అని ఎందుకు చెప్పావు?" అన్నాను.

"నేనెక్కడ చెప్పాను? 'కొన్నాళ్లు అక్క దగ్గర ఉండి ఆలోచించుకుంటాను' అన్నాను. నువ్వు కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండా 'మోకాలికా?' అన్నావు. నేను ఊరుకున్నాను. రెండు వారాలన్నదీ నువ్వే."

గుర్తు చేసుకుందామని చూశాను. ఏమీ గుర్తు లేదు. అన్నే ఉంటాను.

"ఇక్కడికొచ్చి ఉందామని ఎన్నేళ్లుగా అడుగుతున్నాను, జెరాల్డ్? 'యంత్రం ఆపినప్పుడు చూద్దాం.' ఆపారు. 'మళ్లీ మొదలెట్టాక చూద్దాం.' మొదలెట్టారు. అమ్మ పోయినప్పుడు కూడా 'రేపు డేటా వస్తుంది, ఎల్లుండి వస్తా' అన్నావు. మన ఇల్లు ఆ యంత్రం చెప్పినప్పుడు నిద్రలేచి, అది చెప్పినప్పుడు పడుకుంటుంది."

"కానీ నా పని గురించి అన్నీ నీకే చెప్పేవాణ్ణి కదా. నీకే ముందు చదివేవాణ్ణి."

"అవును. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు."

"బాగుందనేదానివిగా?"

"నువ్వు నా మొహం చూసి మాట్లాడేది అప్పుడే కదా. ఆపుతానా మరి?"

ఖాళీ అయిన కప్పులో చక్కెర వేసి కలిపాను.

నెలాఖరుదాకా ఆలోచిస్తానంది. వదిన పక్కింటి పైవాటా ఖాళీగా ఉంది, తీసుకుంటే జూలై ఒకటి నుంచి అక్కడే. లేకపోతే ఇంటికొస్తుంది. నెలాఖరు శనివారం ఎలాగూ వస్తాను, అప్పుడు చెప్తానంది.

చాక్లెట్లు రైల్లో నేనే తిన్నాను.

జూన్ 11, సోమవారం

దారి దొరికింది. తనకి ఇన్నాళ్లూ అర్థం కాలేదు, అదే అసలు సమస్య. అర్థమయ్యేలా చెప్తే సరిపోతుంది. నెలాఖరుకి పలక సిద్ధం కావాలి, మార్లీజ్ రావాలి, వినాలి. ఇంతకంటే సూటిగా ఏ పనీ ఉండదు.

జూన్ 20, బుధవారం

తోసుడుబండి. ఇసుక. సంతలో తేనె. తిరునాళ్లలో చెయ్యి వదిలేసిన పిల్ల. నాలుగు రాసి నాలుగూ చింపేశాను. రైన్‌హిల్డ్ అనబోయేదంతా ఇప్పుడు నా బుర్రలోనే వినిపిస్తోంది. ల్యాబ్‌లో ఎవరికీ పలక పట్టలేదు. ఆ క్షేత్రం తాలూకు కణం కనబడిందట, కనబడలేదట, మెట్ల మీద కూడా అదే మాట. టిట్సియానో నా గదిలోకొచ్చి "ఒరేయ్, చరిత్ర జరుగుతోందిరా, నువ్వు తేనె గురించి రాస్తున్నావు" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి "ఆవిడ ఎలా ఉంది?" అని అడిగాడు. బాగుందన్నాను. ఆ మాట నిజమే, అక్కడ తను బాగుంది. నాకు ఏడుపొచ్చింది. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

జూన్ 29, శుక్రవారం

ఇల్లు తుడిచాను. తనకిష్టమని పెర్చ్ చేపలు తెచ్చాను.

జూన్ 30, శనివారం

వచ్చింది. వదిన కారులో, రెండు ఖాళీ పెట్టెలతో. ఆ పెట్టెలు మడతపెట్టి ఉన్నాయి, విప్పలేదు. విప్పకపోవడం మంచి గుర్తు అనుకున్నాను.

చేపలు తిన్నాం. బాగా వేగాయంది. నేను పలక కోసం రాసిన కాగితం తీశాను. తను చెయ్యి అడ్డం పెట్టింది.

"చదవకు. నేనే ఒకటి అడుగుతా. ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఏమీ అడగలేదు కదా. ఆ క్షేత్రం వల్లే కదా నాకీ బరువు? ఈ బల్లకీ, నీకూ?"

ఇక్కడ అవునని ఉంటే సరిపోయేది. ప్రతి సందర్శకుడికీ అదే చెప్తాను, వాళ్లు సంతోషంగా కాఫీకి వెళ్తారు. కానీ మొదటిసారి అడిగింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"కాదు" అన్నాను. "మౌలిక కణాలకి ఇస్తుంది, అది నిజం. కానీ మన ఒంట్లో బరువులో అది ఇచ్చింది నూటికి ఒక్క వంతు. అంతే."

"మరి మిగతా తొంభైతొమ్మిది?"

"మన బరువంతా పరమాణువుల నడిమధ్యలో ఉంటుంది, ప్రోటాన్లలో, న్యూట్రాన్లలో. ఒక్కోదాంట్లో మూడేసి క్వార్కులు, అవీ మౌలిక కణాలే. వాటికి క్షేత్రం ఇచ్చేది చాలా తక్కువ, దాదాపు ఏమీ లేనట్టే. కానీ వాటిని చాలా ఇరుకు చోట పెట్టి ఉంచింది ప్రకృతి. బయటికి రాలేవు. ఎంత దూరం జరగబోతే అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. అందుకని లోపలే ఊపిరాడకుండా పరుగులు పెడుతుంటాయి. ఆ పరుగూ, ఆ లాగుడూ... బరువంటే అదే."

మార్లీజ్ ఫోర్కు కింద పెట్టింది.

"అంటే బరువు వాటిది కాదు" అంది మెల్లగా. "బయటికి పోలేకపోవడంలో ఉంది."

"అవును!" నేను కుర్చీలోంచి లేచిపోయాను. "సరిగ్గా అదే! రెండేళ్లు చదివిన పిల్లలు కూడా ఇంత బాగా చెప్పలేరు. మార్లీజ్, నీకు అర్థమైంది!"

"అర్థమైంది, జెరాల్డ్" అంది. "ఇది నాకు ముందే తెలుసు. ఎలా చెప్పాలో తెలియలేదు."

తన మొహంలో వెలుగొచ్చింది. ఇరవై నాలుగేళ్లుగా నేను ఎదురుచూసిన వెలుగు అదే, సందేహం లేదు. దాన్ని చూస్తూ నిలబడ్డాను. చాలా ఆనందంగా ఉంది. ఏం జరిగిందో నా బుర్రకెక్కడానికి ఇంకాస్త సేపు పట్టింది.

"ఆ ఒక్క వంతూ తక్కువది కాదు" అన్నాను. "అది లేకపోతే ఎలక్ట్రాను నిలవదు. వెలుగులాగా ఎటో పోతుంది. పరమాణువే ఉండదు. నువ్వూ నేనూ ఈ బల్లా, ఏదీ ఉండదు."

"లేదని నేనెప్పుడన్నాను?" అంది. "ఉంది కాబట్టే ఇన్నాళ్లు నిలిచాం." నా చెంప మీద చెయ్యి పెట్టింది. తరవాత లేచి పెట్టెలు విప్పింది.

నేనే సర్దిపెట్టాను. అద్దాలు పగలకుండా పేపర్లో చుట్టడం తనకి రాదు.

జూలై 2, సోమవారం

పాత కాగితాలన్నీ పారేసి, శనివారం బల్ల దగ్గర చెప్పింది చెప్పినట్టు పలకకి రాశాను. క్షేత్రం, ఒక్క వంతు, ఇరుకు చోటు, పరుగు. బయటికి పోలేకపోవడం గురించిన ఆ వాక్యం నాది కాదు, అయినా ఉంచాను. ల్యాబ్ అంతటికీ పంపాను.

ఫ్రీబుర్ ఆయన ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం రైన్‌హిల్డ్ నా గదికే వచ్చింది. "అభ్యంతరాలు లేవు జెరాల్డ్ గారూ. మొదటిసారి. చాలా బాగుంది" అని, ఆఖరి ప్రశ్న అడిగింది. పలక ఏదైనా గోడ ఎక్కే ముందు అడిగి తీరాల్సిన ప్రశ్న అది. "భౌతికశాస్త్రం తెలియని మామూలు మనిషి ఎవరికైనా చెప్పి చూశారా? అర్థమైందా?"

చెప్పి చూశానన్నాను. పూర్తిగా అర్థమైందన్నాను.